దాక్కున్నవాడే తలుపు తీయాలి: తిరుపతి నేపథ్యంలో రేపటి కాలపు థ్రిల్లర్ రాయడానికి సమగ్ర మార్గదర్శి

తాతయ్యగుంట గంగమ్మ కథ తిరుపతిలో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. ఆడవాళ్లను చెరుస్తున్న పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ బయల్దేరితే వాడు ప్రాణభయంతో దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషం కట్టి ఊరంతా గాలించింది. బైరాగిగా, బండగా, తోటిగా తిరిగినా వాడు దొరకలేదు. చివరికి దొర వేషంలో వచ్చేసరికి, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడంతట వాడే బయటికొచ్చాడు. అక్కడే తల తెగింది.

నేరస్థులు రహస్య స్థావరంలో తలదాచుకునే కథ రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. గంగమ్మ ఇల్లు పగలగొట్టలేదు, గోడ దూకలేదు. లోపలివాడి చేతనే తలుపు తీయించింది. నేను పన్నెండేళ్లుగా థ్రిల్లర్లు రాస్తున్నాను. మొదటి రెండిటిలో పోలీసులు డెన్ కనిపెట్టి కాల్పులతో లోపలికి దూసుకుపోతారు. అవి చదివిన చంద్రగిరి పెద్దాయన ఒకరు, అడవిలో చాలా ఏళ్లు పనిచేసినవారు, నన్ను ఒకే మాట అడిగారు: "ఆరుమంది కొండ మీద నెల రోజులు ఉండారంటివే, వాళ్లకు నీళ్లు ఎవురు మోసినారు నాయనా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న చుట్టూనే ఈ పద్ధతంతా తయారైంది.

మొదటి మెట్టు: సంవత్సరం ఖరారు చేయండి

రేపటి కాలపు కథ అనగానే చాలామంది యాభై ఏళ్లు ముందుకు దూకేస్తారు. అంత దూరం వెళ్తే తిరుపతి తిరుపతిలా మిగలదు. ఎనిమిది, పదేళ్లు చాలు. 2034 అనుకుందాం. అప్పటికీ అలిపిరిలో కొబ్బరికాయలు కొడతారు, రేణిగుంట జంక్షన్‌లో రైలు ఆగుతుంది, నవంబరులో తుపాను వస్తుంది. మార్చేవి రెండో మూడో ఉండాలి. వాటికి వేళ్లు ఈరోజే మన ఊళ్లో కనబడుతుండాలి.

అలాంటి వేళ్లు మనకు బోలెడన్ని ఉన్నాయి. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచే 2025 జులై 30న భూమిని గమనించే నైసార్ ఉపగ్రహం వెళ్లింది. దాని రాడార్ మబ్బుల్లోంచి చూస్తుంది, ఎల్-బ్యాండ్ అనే పొడవాటి రేడియో తరంగాలు చెట్ల ఆకుల కిందికీ కొంత దిగుతాయి, పన్నెండు రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తుంది. తిరుమలలో టోకెన్లకు, గదులకు ముఖ గుర్తింపు విధానాన్ని 2023 మార్చిలోనే మొదలుపెట్టారు. ఈ రెండిటినీ పదేళ్లు పెంచి చూడండి, మీ 2034 తయారవుతుంది. ఎగిరే కార్లతో పనిలేదు.

ఒక జాగ్రత్త. యంత్రం చేయలేని పని దాని చేత చేయించకండి. నైసార్ లాంటి ఉపగ్రహానికి మనిషి కనబడడు. నేల కుంగిందా, చెట్లు తగ్గాయా, మట్టి తవ్వారా, ఇలాంటి మార్పులే తెలుస్తాయి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర పెద్ద రాడార్ ఉంది కదా అని, దాంతో విలన్‌ని పట్టించిన కథ ఒకటి చదివి బాధపడ్డాను. అది పైగాలుల కదలికను చదివే రాడార్. మీ కథలో దాన్ని వాడాలంటే పైగాలులు ఎలా మారుతున్నాయో చెప్పించండి, దాన్నిబట్టి వానను అంచనా వేయించండి. కొండ మీద ఆపరేషన్ ప్లాన్ చేసే అధికారికి అంతకంటే విలువైన సమాచారం ఉండదు.

రెండో మెట్టు: షెల్టర్‌కి చోటు వెతకండి

ఇక్కడ తొందరపడొద్దు. నేనైతే ఈ మెట్టు మీద నెల రోజులు కూర్చుంటాను.

అందరికీ మొదట తట్టేది శేషాచలం అడవి. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు, విస్తీర్ణం నాలుగు వేల ఏడొందల చదరపు కిలోమీటర్ల పైమాట. క్వార్ట్‌జైట్ బండలు, కోనలు, గుహల్లాంటి చరియలు, తీర్థాలు. అంత అడవిలో ఎవరికైనా చోటు దొరుకుతుందనిపిస్తుంది. కానీ ఆ కొండలు ఖాళీగా ఉండవు, ఈ సంగతి రచయితలు మర్చిపోతుంటారు. తుంబురు తీర్థం సంగతే చూడండి. ఏడాదంతా అక్కడికి పోయేవాళ్లు అరుదు. ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ తీర్థ ముక్కోటి పండగ. ఆరోజు వేలమంది జనం రాళ్లెక్కి, నీళ్లలో నడిచి ఆ కోనలోకి వస్తారు. మీ ముఠా ఆ కోనకు పక్కనే ఉందనుకోండి. పాఠకుడికి మొదటి అధ్యాయంలోనే ఈ పండగ సంగతి చెప్పండి, ముఠాకు మాత్రం చెప్పొద్దు. వాళ్లు వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లయితే తెలిసే అవకాశం లేదు. అక్కడి నుంచి ప్రతి పేజీలో చంద్రుడు పెరుగుతుంటాడు. టైం బాంబు ఎందుకిక?

రెండోది నాకు బాగా ఇష్టమైన చోటు: మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కాలంలో, జూన్, జులైలలో, ఈ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూ కడతాయి. ఆ తర్వాత చాలా ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడి ఉంటాయి. ఎత్తైన ప్రహరీ, పెద్ద షెడ్డు, బోరు నీళ్లు, వరసగా పేర్చిన గుజ్జు డ్రమ్ములు, గేటు దగ్గర ఒక్క వాచ్‌మన్. దాక్కోవడానికి గుహ కంటే వందరెట్లు మేలు. ఇక్కడ బయటపెట్టేది కూడా ఆ చోటులోనే ఉంది. సీజన్ కాని రోజుల్లో బాయిలర్ గొట్టం నుంచి పొగ వస్తే, పక్క తోట రైతు తలెత్తి చూస్తాడు. తన కాయకు రావాల్సిన బాకీ ఇంకా రాలేదు, ఫ్యాక్టరీ మాత్రం నడుస్తోందేమిటని అడగడానికి నేరుగా గేటు దగ్గరికే వస్తాడు. అతనికి ముఠాతో పనిలేదు, తన డబ్బు తనకు కావాలి. అలాంటి మనిషిని తుపాకీ చూపించి పంపడం ఎంత కష్టమో రాసి చూడండి.

మూడోది జనం. తిరుపతిలో గుండు చేయించుకున్న కొత్త మనిషిని ఎవరూ తేరిపార చూడరు. కేశఖండన చేయించుకుని సత్రంలో దిగినవాడు ఇక్కడ భక్తుడే. మనుషుల కళ్లను ఇలా తప్పించుకోవచ్చు, కెమెరాను తప్పించుకోలేడు. ముఖ గుర్తింపు యంత్రం కళ్లు, ముక్కు, నోటి అమరికను పోల్చుతుంది, జుట్టుతో దానికి పనిలేదు. మరి మే నెలలో గంగమ్మ జాతర వచ్చినప్పుడో? బైరాగి వేషానికి తెల్లటి నామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం ఒళ్లంతా పూసుకుని వేలమంది వీధుల్లోకి వస్తారు. 2034 నాటి కెమెరాలన్నీ ఆ వారం తికమకపడతాయి. ఆ రంగుల మధ్య ముఠా నాయకుడూ తిరగొచ్చు, అతన్ని వెతికే పోలీసూ తిరగొచ్చు. పాత కథలో వేషం కట్టింది వేటాడే గంగమ్మ. మీ కథలో ఎవరు కడతారో తేల్చుకోండి.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిని ఎంచుకుంటే ఏనుగుల గుంపుల్ని లెక్కలో పెట్టుకోండి. నిల్వ ఉంచిన ధాన్యం వాసనకు అవి వస్తాయి.

మూడో మెట్టు: బియ్యం లెక్క వేయండి

నోటుపుస్తకం తీసుకుని ఈ లెక్క నిజంగా వేయండి. ఆరుగురు మనుషులు. తలకు పూటపూటకూ కలిపి రోజుకు అరకిలో బియ్యం, అంటే మూడు కిలోలు. 25 కిలోల మూట ఎనిమిది రోజులకు అయిపోతుంది. తాగడానికి, వంటకు తలకు ఐదు లీటర్ల నీళ్లంటే రోజుకు ముప్పై లీటర్లు, రెండు పెద్ద బిందెలు. ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి, గ్యాసు లేదా కట్టెలు. బీడీలు. ఒకరికి షుగర్ ఉంటే మాత్రలు. ఎవరికో పన్నునొప్పి.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన రాయండి: బియ్యం ఎనిమిది రోజులు, ఉపగ్రహం పన్నెండు రోజులు. ఈ రెండు చక్రాలు కలిసే రోజు ఇరవై నాలుగోది. మూడో మూట అయిపోయిన రోజునే రాడార్ రెండోసారి తిరిగొచ్చి, కొత్తగా తవ్విన మట్టిని పాత బొమ్మతో పోల్చుతుంది. నా మూడో నవల నడిమి భాగమంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడింది.

మూట తెచ్చేది ఎవరు? ఆ మనిషే మీ కథకు ఆయువుపట్టు. నేనైతే ముఠాలో ఒకడి అవ్వను పెట్టుకుంటాను. సన్నివేశం ఇలా రాస్తాను:

కొట్టతను మూట తూకానికెత్తి, మళ్లీ దించాడు.

"ఏమవ్వా, ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివే గదా. ఈ నెల్లో ఇది మూడో మూట."

"చుట్టాలొచ్చినార్రా."

"ఎవురు?"

"మా చెల్లెలి బిడ్డలు."

"వాళ్లు దుబాయిలో ఉండారంటివే?"

అవ్వ కొంగు ముడి విప్పుకుంటూ ఉండిపోయింది. అతను ఇంకేమీ అడగలేదు. ఖాతా పుస్తకంలో ఆమె పేరు కింద మూడో గీత గీశాడు. పెన్ను పలక్కపోతే రెండుసార్లు దిద్దాడు.

ఇంతే. తుపాకీ లేదు, అరుపు లేదు. ఆ గీత మాత్రం పాఠకుడి గుండెలో పడుతుంది. ఆ కొట్టతని అల్లుడు అడవి బేస్ క్యాంపులో పనిచేస్తాడని మీరు ముందే చెప్పి ఉంటే, ఇక టెన్షన్ కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు.

నాలుగో మెట్టు: ముఠాను ఒక్క ముద్దగా చేయకండి

ఎర్రచందనం స్మగ్లింగ్ నేపథ్యం తీసుకుంటే ఇందులో ఎన్ని మెట్లున్నాయో తెలుసుకోవాలి. నరికే కూలీలు, వాళ్లను పిలుచుకొచ్చే మేస్త్రీ, దుంగలు దాచే డంప్, లోడు వాహనం, దాని ముందు దారి చూస్తూ పోయే పైలట్ కారు, ఊళ్లో పెద్దమనిషిలా బతికే బడా స్మగ్లర్. వీళ్లలో చాలామంది ఒకరినొకరు చూసుకోరు. ఆరుగురినీ ఒకే గదిలో మొదటిసారి కూర్చోబెట్టేది మీ షెల్టరే. పైలట్ కారు నడిపినవాడికి కూలీ మొహం తెలియదు, కూలీకి తను నరికిన చెట్టు ధర తెలియదు. ఆ ధర తెలిసే రాత్రి ఒకటి రాయండి.

కూలీల విషయంలో నాదొక విన్నపం. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో, చంద్రగిరి మండలంలో, పోలీసుల కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. అది నిజమైన ఎదురుకాల్పులేనా అన్న వివాదం హైకోర్టు దాకా, జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. తమిళనాడు జవ్వాది కొండల నుంచి రోజు కూలీ కోసం వచ్చినవాడు మీ కథలో కాల్పులకు పనికొచ్చే బొమ్మగా మిగిలిపోకూడదు. అతనికి ఊరు ఇవ్వండి, ఇంటికి ఫోను చేయాలన్న తహతహ ఇవ్వండి. ఆ ఫోనే కథను మలుపు తిప్పొచ్చు.

చెట్టు గురించి రెండు తప్పులు పదేపదే కనబడుతున్నాయి. ఎర్రచందనానికి శ్రీగంధం లాంటి పరిమళం ఉండదు. గదిలోకి రాగానే హీరో వాసన పట్టేసే సీన్లు కొట్టేయండి. రెండోది, దాని చేవ నీళ్ల కంటే బరువు. పై చెక్క చెక్కేసిన దుంగ నీళ్లలో మునుగుతుంది. వరదలో దుంగ పట్టుకుని తేలి ప్రాణం దక్కించుకోవడం జరగదు. ఇదే నిజాన్ని మరోలా వాడండి: స్వర్ణముఖి పొంగినప్పుడు దుంగ వదలనివాడు దాంతోపాటే పోతాడు.

ఐదో మెట్టు: చట్టం చదవండి

ఇది త్వరగా అయిపోయే మెట్టు, కానీ ఇందులో బంగారం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్ నేరస్థుడికి ఆశ్రయమివ్వడం గురించి చెబుతుంది. చట్టం దృష్టిలో ఆశ్రయమంటే గది ఒక్కటే అనుకోకండి. తిండి, నీళ్లు, డబ్బు, బట్టలు, వాహనం ఇవ్వడం కూడా అందులోకి వస్తుంది. మూట మోసిన అవ్వ నేరస్థురాలే. అయితే ఈ సెక్షన్ భార్యకు లేదా భర్తకు వర్తించదు. భర్తను దాచిన భార్యను దీని కింద శిక్షించలేరు, మనవణ్ణి దాచిన అవ్వను శిక్షించొచ్చు. ఒకే కుటుంబంలో ఇద్దరు ఆడవాళ్లు ఒకే మనిషికి అన్నం పెట్టారు, ఒకరి మీదే కేసు. విచారణ సన్నివేశంలో ఆ ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టండి.

ఆరో మెట్టు: యాక్షన్‌ని మోకాళ్లతో రాయండి

రాసే ముందు ఆ చోట నడవండి. అలిపిరి దారి 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు 2388 మెట్లే, రెండు కిలోమీటర్ల పైచిలుకు, కానీ నిటారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కూడా అలిపిరి దారిలోని గాలిగోపురం చేరేసరికి రొప్పుతాడు. మీ హీరో అలిపిరి నుంచి పైదాకా పరుగెత్తి, పైన ముగ్గురిని కొట్టాడంటే తిరుపతివాళ్లెవరూ నమ్మరు. మెట్ల దారిలో ఛేజ్ అంటే ఇద్దరూ ఆగి, మోకాళ్ల మీద చేతులానించి, ఇరవై మెట్ల దూరంలో ఒకరినొకరు చూసుకుంటూ ఊపిరి తీసుకోవడమే. ఎవరు ముందు కదులుతారు? అక్కడ యాక్షన్ ఉంది. పక్కనే ఒకామె మెట్టుమెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ పోతుంటుంది, ఇద్దరూ ఆమెను తప్పుకుని పోవాలి.

ఘాట్‌రోడ్డు మీదైతే, కిందికి దిగేది 1944 నాటి పాత రోడ్డు, పైకెక్కేది 1974 నాటిది. ఎదురు వాహనం రాదు. వెనక్కి తిరగడానికి వీలుండదు. తప్పించుకునేవాడికి ఉచ్చు అదే.

వాన గురించి ఒక మాట. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దెబ్బతిని నెలల తరబడి మూతపడింది, ఘాట్‌రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లకు నిద్రల్లేవు. మీ కథలో వాన రెండు పక్షాలకూ సమానంగా పడాలి. పోలీసుల డ్రోను ఎగరదు, అవ్వ మూట ఎక్కదు. షెల్టర్ భద్రంగానే ఉంటుంది, లోపల పొయ్యి వెలగదు.

ఏడో మెట్టు: మాట

చిత్తూరు యాసను అక్షరమక్షరం దించితే చదవడం కష్టం. "ఉండాడు", "యాడికి", "ఎవురు", "ఏమబ్బా" లాంటివి నాలుగైదు పట్టుకుని వాటినే నిలకడగా వాడండి. కథనం మామూలు తెలుగులో సాగనివ్వండి. సరిహద్దు జిల్లా కాబట్టి తమిళం వింటే అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. కూలీ తమిళంలో గొణుక్కున్న మాట ముఠా నాయకుడికి అర్థం కాదు, అవ్వకు అవుతుంది. అలాంటి చోట్ల యాస అలంకారంగా మిగలకుండా కథను నడుపుతుంది. పిలుపులు కూడా చూసుకోండి. బయట "సార్" అని పిలిచే పైలట్, షెల్టర్‌లో పదో రోజుకు "అన్నా" అంటాడు, ఇరవయ్యో రోజుకు "రేయ్" అంటాడు.

ఎనిమిదో మెట్టు: తలుపు తీయించండి

ఇప్పుడు గంగమ్మ దగ్గరికి తిరిగి రండి. ఇరవై నాలుగో రోజుకు బియ్యం అయిపోయింది, వాన పడుతోంది, పౌర్ణమి దగ్గరికొచ్చింది. పోలీసులకు చోటు దాదాపు తెలిసింది, ఎక్కడానికి దారి లేదు. మీ ఆరుగురిలో ప్రతి ఒక్కరికీ "వీడు దేనికోసం బయటికి వస్తాడు?" అన్న ప్రశ్న రాసుకుని, ఒక్కో మాటలో జవాబు రాయండి. ఒకడు కూతురి గొంతు కోసం వస్తాడు. ఒకడు తన వాటా వేరేవాడు తినేస్తున్నాడన్న అనుమానంతో వస్తాడు. నాయకుడు పాలెగాడి లాగే వస్తాడు, తనకంటే పెద్దవాడు పిలిచాడని, పిలిస్తే మర్యాదకైనా పోవాలని. జవాబు రాయలేని పాత్ర ఉంటే ఆ పాత్ర ఇంకా తయారు కాలేదన్నమాట, నాలుగో మెట్టుకు వెళ్లండి.

వేటాడే అధికారిణి పనల్లా ఆ దొర వేషం ఏదో కనుక్కోవడమే. 2034లో గొంతును అచ్చుగుద్దినట్టు అనుకరించే యంత్రాలు ఉంటాయి, ఇప్పటికే ఉన్నాయి. ఆమె ఆ యంత్రంతో పెద్దమనిషి గొంతును వాడి పిలుస్తుందా, లేక అవ్వను అడుగుతుందా? నేను మొదటిది రాసి చింపేశాను. యంత్రం పిలిస్తే ఎత్తుగడ గెలిచినట్టు అనిపించింది, మనిషి ఓడినట్టు అనిపించలేదు. రెండోసారి అవ్వ చేత పిలిపించాను. ఆమె "వచ్చేయరా" అనలేదు. కింద నుంచి, వానలో, "అబ్బోడా, మూట ఎత్తలేకపోతా ఉండా, కొంచెం చెయ్యెయ్యి" అంది.

పాలెగాణ్ణి చంపాక గంగమ్మ మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదార్చిందని చెబుతారు. కాబట్టి అరెస్టుతోనో కాల్పులతోనో పుస్తకం మూసేయకండి. ఇంకొక్క అధ్యాయం రాయండి, నాలుగు పేజీలు చాలు. అవ్వ జైల్లో ఉంది. కొట్టులో ఆమె పేరు కింద మూడు గీతలు అలాగే ఉన్నాయి. ఆ బాకీ కట్టడానికి ఒక ఉదయం ఎవరో వస్తారు. వచ్చింది మనవడి భార్యా, అధికారిణా అన్నది మీరు రాస్తున్నప్పుడే తేలాలి. కొట్టతను డబ్బు లెక్కపెట్టుకుని, పెన్ను కోసం వెతుక్కుంటాడు.